అంచులు తప్పిన చీర

1941 ఫిబ్రవరి ఏడో తేదీ, శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు, ధర్మవరంలో ఈశ్వరప్ప అనే నేతగాడికి చూపు పోయింది. మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతులతో తల పట్టుకుని అరిచాడు. వాంతి చేసుకున్నాడు. ఎండ ముఖాన పడుతుండగా, "దీపం యాల ఆర్పినావే?" అని భార్యను అడిగాడు. మర్నాడు సాయంత్రం ఆరూ నలభైకి ప్రాణం పోయింది. ఆదివారం శవపరీక్ష జరిగింది. అదే సాయంత్రం పూడ్చారు. సోమవారం అతని భార్య కొండమ్మను, మొగుడికి ఉమ్మెత్త పెట్టి చంపిందన్న నేరం మీద అరెస్టు చేశారు.

గంగాధర ఈ తేదీలను నోటు పుస్తకంలో ఎడమవైపు రాసుకున్నాడు. కుడివైపు ఖాళీ వదిలాడు. తెలిసింది ఎడమన, తెలియనిది కుడిన. బళ్ళో పదహారేళ్ళు సైన్సు చెప్పిన అలవాటు. రెండేళ్ళ కిందట భార్య జయలక్ష్మమ్మ పోయాక అతను బడి మానేశాడు. పెనుకొండలో ఒక ప్లీడరు దగ్గర, కేసులకు ఆచూకీలు తీసే పనిలో కుదిరాడు. జనం మాత్రం ఇప్పటికీ అయివారూ అనే పిలుస్తారు.

గురువారం పొద్దున పెనుకొండ సబ్ జైల్లో కొండమ్మ ఊచలకు అవతల, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతివేళ్ళ కొసలకు ఇంకా పట్టు రంగు ఉంది.

"శుక్రవారం ఆయనకు ఏం పెట్టినావమ్మా?"

"అంబలి."

"ఎన్ని గంటలకు?"

"గంటలు నాకేం తెలుసు సామీ. బెంగళూరు రైలు కూసినాక."

అంటే ఏడున్నర. గంగాధర రాసుకున్నాడు.

"అదే చెంబులోది ఇంకెవరైనా తాగినారా?"

"ఆయప్ప మిగిల్చింది నేను తాగినా. ఎప్పుడూ అంతే గదా. మా ఇండ్లల్లో మొగుడు తాగిన చెంబు కడగకుండానే పెండ్లాము తాగుతుంది."

"ఈ మాట ఇన్స్పెక్టరుకు చెప్పినావా?"

"అడిగితే గదా."

"ఉమ్మెత్తాకు ఇంట్లో ఎందుకుండాది?"

"కాచి నొసటికి కట్టేకి. ఆయప్పకు తలకాయ నొప్పి."

"ఎన్నాళ్ళ నుంచి?"

అంతవరకూ వెంటవెంటనే వచ్చిన జవాబు ఆగిపోయింది. కొండమ్మ తన వేళ్ళ కొసలు చూసుకుంది.

"మొన్న మొన్నటి నుంచే."

"మూడు నెలలుగా మీరిద్దరూ కొట్లాడుకుంటాండారని మీ మరిది నల్లప్ప ఫిర్యాదులో రాయించినాడు. దేనికి?"

"వానికి పెండ్లి కాలేదు. అయింటే అడిగేవాడు కాదు."

జైలు వార్డరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. గంగాధర ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. లేచి నిలబడ్డాక ఆమే అడిగింది.

"అయివారూ, మగ్గం మీద చీర అట్లే ఉండాదా?"

"ఉండాల. ఇప్పుడు ఆడికే పోతాండా."

"నల్లప్పను కొయ్యనియ్యొద్దు. సగం చీర అది."

సోమవారం కేసు మేజిస్ట్రేటు ముందుకు వస్తుంది. అక్కడి నుంచి సెషన్సుకు పోతే, ఆ తర్వాత ఉరి తప్పించడం కష్టం. ఆ సంగతి ఆమెకు చెప్పారు. ఆమె మాత్రం చీర గురించే అడిగింది. పుస్తకంలో కుడివైపు గంగాధర రాశాడు: 'తలనొప్పి విషయంలో అబద్ధం. ఎవరి కోసం?'

*

మధ్యాహ్నం ఒంటి గంటకు ధర్మవరంలో దిగాడు. ఈశ్వరప్ప ఇంటికి పోయే ముందు పక్కింటి మారక్క అరుగు మీద కూర్చున్నాడు. శుక్రవారం అరుపు విని మొదట పరుగెత్తి వచ్చింది ఈమే.

"నేను పోయేసరికి ఆయప్ప మగ్గం గుంటలోనే ఒరిగినాడు. 'మారక్కా, నువ్వేనా?' అన్యాడు. గొంతు పట్టి కనుక్కున్యాడు గానీ కండ్లతో కాదు."

"పిచ్చిగా మాట్లాడినాడా? గాల్లో చేతులు ఆడించినాడా? నోరు ఎండిందన్నాడా?"

"ల్యా. మాట నిబ్బరంగానే ఉండె. తల పగుల్తాండాది, పట్టుకోండి, అన్యాడు. కుడి కన్ను రెప్ప వాలిపోయింది. నేను వేలితో ఎత్తి చూసినా. నల్లగుడ్డు ఇంతయింది. ఎడమది మామూలే."

"ఒక్క కన్నే?"

"ఒక్కటే. ఇన్స్పెక్టరుకు గూడా చెప్పినా. ఆయన రాసుకున్యాడో లేదో నాకేం తెలుసు, నాకు చదువొస్తుందా?"

"కొండమ్మ అంబలి తాగడం చూసినావా?"

"దినామూ చూస్తాండేదే. ఆ పొద్దున గూడా వాకిట్లో నిలబడి తాగింది. చెంబు కడిగేకి నీళ్ళు నన్నే అడిగింది, మా బిందెలోవి."

ఉమ్మెత్త రెండు కళ్ళనూ ఒకేలా చేస్తుంది. మనిషిని పిచ్చి మాటలు మాట్లాడిస్తుంది. రెప్పను వాల్చదు. గంగాధర ఈ మూడూ ఎడమవైపు రాశాడు.

ఈశ్వరప్ప ఇంటి తలుపు తీసే ఉంది. లోపల నల్లప్ప కత్తెర పట్టుకుని మగ్గం దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి. వదిన మీద ఫిర్యాదు ఇచ్చింది ఇతనే.

"ఆ కత్తెర కింద పెట్టప్పా."

"మా అన్న మగ్గం, మా అన్న చీర. నువ్వెవురప్పా చెప్పేకి?"

"నీ వదిన తరఫు ప్లీడరు మనిషిని. కేసు తేలేవరకు ఈ ఇంట్లో దారప్పోగు తెంపినా కోర్టులో నువ్వు జవాబు చెప్పాల."

నల్లప్ప కత్తెర గూట్లో పెట్టాడు.

అది గుంట మగ్గం. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. ఎడమవైపు మూడడుగుల జాగా ఉంది. అక్కడ ఒక పాత గోనెపట్టా, మనిషి కూర్చుని కూర్చుని పల్లమైన చోటు. కుడివైపు జాగా లేదు. మగ్గం గోడకు ఆనుకుని ఉంది.

గంగాధర చొక్కా చేతులు మడిచి, నేసి చుట్టిన చీరను మూర తర్వాత మూర విప్పించాడు. ముదురు వంకాయ రంగు. రెండు వైపులా ఎర్రటి అంచు, అంచు పొడవునా మామిడి పిందెలు. నడిమి భాగంలో ఒక్క పోగు తప్పలేదు. కుడి అంచులో మాత్రం నాలుగో మూర దగ్గర ఒక పిందెకు తొడిమె లేదు. ఆరో మూరలో రెండు పిందెలే లేవు. తొమ్మిదో మూర దాటాక అంచు పోగు బట్టను పట్టుకోకుండా బయటనే తిరిగింది. ఎడమ అంచు చివరిదాకా తిన్నగా ఉంది. కానీ వేలితో తడిమితే బిగువు వేరు. మిగతా చీర నేసిన చెయ్యి కాదు అది.

"ఎడమంచు ఎవరు నేసినారు?"

"మా వదిన. మూడు నెలలుగా ఆయమ్మ ఆ పట్టా వదిలితే ఒట్టు. మా అన్న పో అంటాడు, ఆయమ్మ పోదు. అదే రోజూ కొట్లాట."

"అంతకు ముందు?"

"మా అన్న ఒక్కడే నేసేవాడు. ధర్మవరంలో అంచుకు ఆయప్ప తర్వాతే ఎవరైనా." నల్లప్ప గొంతు కొంచెం తగ్గింది. "దసరా అయినాక ఒక చీర సావుకారు తిరగ్గొట్టినాడు. రెండంచులూ చెడినాయని. ఇంగోసారి ఇట్లయితే మగ్గం వేరేవానికి ఇస్తా అన్యాడు. ఆ నుంచే ఆయమ్మ వచ్చి కూచుండేది."

ఒక అంచు కాదు, రెండూ. నడుమ మాత్రం చెడలేదు. గంగాధర గుంటలో దిగి ఈశ్వరప్ప కూర్చున్న చోట కూర్చున్నాడు. నడిమి మీద చూపు నిలిపి, రెండు అరచేతులను కళ్ళకు రెండు పక్కలా అడ్డం పెట్టుకున్నాడు. నేత కనిపించింది. అంచులు కనిపించలేదు.

"బాగుండాది అయివారూ! ఇప్పుడు నేత పనికి వస్తాండారా?"

వాకిట్లో ఇన్స్పెక్టర్ ఓబుళరెడ్డి నిలబడి ఉన్నాడు. పొడవాటి మనిషి. చంకలో టోపీ.

"బళ్ళో పిల్లోల్లు చాల్లేదని నాకు పాఠం చెప్పేకి వచ్చినారా?"

"ఒక ప్రశ్న అడగడానికి వచ్చినా. మారక్క ఒక్క కన్నే పెద్దదయిందని చెప్పింది. మీ కాగితంలో రెండు కళ్ళూ అని ఎందుకుండాది?"

"ముసల్ది భయంలో ఏం చూసిందో దానికే తెల్దు. డాక్టర్లు చెప్పినారు, ఉమ్మెత్తకు కండ్లు పెద్దవైతాయని. ఆకు ఇంట్లో దొరికింది. ఆయమ్మ చేతి అంబలి తాగిన గంటకు పడినాడు. మూడు నెలల కొట్లాట. ఇంగేం కావాల?"

"చెంబులో మిగిలింది ఆమె తాగింది. ఆమెకేం కాలేదే?"

"తాగినానని ఆయమ్మ చెప్తాంది."

"మారక్క చూసింది. మద్రాసు నుంచి కడుపు రిపోర్టు వచ్చిందా?"

"నెల పడుతుంది. వచ్చినా ఏముండాది? ఆకు విషం ఒకోసారి దొరకదు."

"దొరికితే నేరం, దొరక్కపోయినా నేరమేనా?"

ఓబుళరెడ్డి ముఖం ఎర్రబడింది. గంగాధర అప్పుడు ఆగి ఉండాలి. కానీ పదహారేళ్ళు తప్పు దిద్దిన నోరు అది.

"తల పగులుతాంది అని అరిచి చచ్చినాడు మనిషి. మీ డాక్టరు కడుపు తెరిచినాడు, ఛాతీ తెరిచినాడు. తల తెరిచినాడా?"

"తలెందుకు?"

"జబ్బు ఆడ ఉండాది కాబట్టి. మేజిస్ట్రేటును అడిగి శవాన్ని తీయిస్తా. తల తెరిపిస్తా."

ఓబుళరెడ్డి టోపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"వీండ్ల ఇంటి ఆచారం తెలుసునా నీకు? కూచోబెట్టి పూడుస్తారు. వీండ్ల గురువు జంగమయ్య వచ్చి నెత్తిన చెయ్యి పెట్టి పంపించినాడు. ఆ నెత్తిని కోయిస్తావా?" నల్లప్ప వైపు చూశాడు. నల్లప్ప తల దించుకున్నాడు. "ఈ మాట ఆయమ్మకు చెప్పినావా అయివారూ?"

"ఇంకా లేదు."

"సరే," అన్నాడు ఓబుళరెడ్డి. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ 'సరే'ను గంగాధర పట్టించుకోలేదు. అటక కింద మూడు జతల చెప్పులు కనిపించాయి. మూడూ ఒకే మనిషివి, ఒకదానికన్నా ఒకటి పెద్దవి. ఈశ్వరప్ప ఉంగరం వేలికి బిగుసుకుపోతే కంసాలి తెంపి తీశాడని నల్లప్ప చెప్పాడు. "నలభై దాటినాక మా అన్న చేతులు, దవడ బలిసినాయి," అన్నాడు. గూట్లో కత్తెర వెనకాల చిన్న సీసా ఉంది, మాత్రలది. చీటీ మీద చేత్తో రాసిన అక్షరాలు: డాక్టర్ పుష్పావతి, హిందూపురం.

*

శుక్రవారం పదింటికి హిందూపురంలో డాక్టర్ పుష్పావతి తన పుస్తకం తెరిచి చూపించింది. యాభై ఏళ్ళ మనిషి. రోగులను అటు గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"డిసెంబరు నాలుగు. ఈశ్వరప్ప, నలభై రెండేళ్ళు, నేతపని. ఒక్కడే వచ్చినాడు. పరిగిలో చుట్టాలింటికని ఇంట్లో చెప్పి వచ్చినాడంట. నా ముక్కు చూడప్పా అని, రెండు పక్కలా వేళ్ళు ఆడించినా. కనిపించడం లేదన్నాడు. ముక్కు మాత్రం బాగా కనిపిస్తాండాదని నవ్వినాడు."

"జబ్బేమిటి?"

ఆమె తన కనుబొమల నడుమ వేలు పెట్టి, అక్కడి నుంచి లోపలికి అన్నట్టు చూపించింది.

"పుర్రె అడుగున ఎముకలో చిన్న గుంట ఉంటుంది. మగ్గం గుంటలో మనిషి కూర్చున్నట్టు దాంట్లో శనగగింజంత గ్రంథి కూర్చుని ఉంటుంది. పిట్యూటరీ అంటారు. ఒంట్లో సగం పనులు దాని మాట మీదే నడుస్తాయి. దాంట్లో గడ్డ పెరిగితే చేతులు, కాళ్ళు, దవడ పెద్దవైతాయి. గడ్డ పైకి వస్తే కళ్ళ నరాలను ఒత్తుతుంది. ముందు పోయేది రెండు పక్కల చూపు."

"అంచులు."

"ఏమన్నారు?"

"ఏం లేదు. చెప్పండి."

"ఒకోసారి ఆ గడ్డలోకి ఉన్నట్టుండి నెత్తురు చిమ్ముతుంది. తల పగిలే నొప్పి, వాంతులు. గంటలో చూపు పోతుంది. కంటి పక్క నరం నలిగితే ఒక రెప్ప వాలిపోతుంది, ఆ కంటిపాప పెద్దదవుతుంది. గ్రంథి చచ్చిపోతే ఒకటి రెండు రోజుల్లో మనిషీ పోతాడు. విషం తాగినట్టే ఉంటుంది చూసేవాళ్ళకు."

గంగాధర పెన్ను ఆగింది. శుక్రవారం ఎనిమిదిన్నర, శనివారం ఆరూ నలభై. కుడివైపు ఖాళీ నిండింది.

"ఇది కోర్టులో చెప్తారా?"

"చెప్తా. కానీ నేను చూసింది డిసెంబరులో. చచ్చింది ఫిబ్రవరిలో. మీ ఇన్స్పెక్టరు తరఫు వకీలు, జబ్బూ ఉండొచ్చు, విషమూ ఉండొచ్చు అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తల తెరవాల. మెదడు ఈపాటికి చెడిపోయి ఉంటుంది, అయినా నెత్తురు గడ్డ గుర్తు ఉండొచ్చు. ఎముక మాత్రం ఎక్కడికీ పోదు. ఆ గుంట శనగగింజంత కాకుండా గిన్నెలాగా వెడల్పయి ఉంటే, ఏ కోర్టయినా చూడాల్సిందే."

"మద్రాసు పొమ్మని మీరు చెప్పలేదా?"

"చీటీ రాసిచ్చినా. తలకు ఎక్స్-రే తీయించుకొమ్మని. మడిచి నడుముకు చెక్కుకున్నాడు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు." డాక్టరు పుస్తకం మూసింది. "'కండ్ల సంగతి మా ఇంటిదానికి తెలుసు తల్లీ. ఇది చంపే జబ్బని తెల్దు. ఆ సగం చెప్పొద్దు' అని."

రైల్లో గంగాధర కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురు బల్ల ఖాళీ. మొగుడు ఒక సగం పెళ్ళాం దగ్గర దాచాడు, పెళ్ళాం ఒక సగం ఊరి దగ్గర దాచింది. రెండు సగాలూ ముందే బయట పెట్టి ఉంటే ఎలా ఉండేదో అతను ఆలోచించలేదు. అలాంటి ఆలోచన ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు. జయలక్ష్మమ్మ కూడా చివరి నెలల్లో నొప్పి లేదనే చెప్పింది.

*

మూడింటికి పెనుకొండ కోర్టు వరండాలో ప్లీడరు అతని కోసం నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి పోయినావయ్యా? పన్నెండింటికి కొండమ్మ మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చింది. అంబలిలో ఉమ్మెత్త కలిపినానని ఒప్పుకుంది. బలవంతం ఏమైనా ఉందా అని ఆయన మూడుసార్లు అడిగినాడు. లేదంది."

వరండా చివర ఓబుళరెడ్డి బీడీ ముట్టించుకుంటున్నాడు. గంగాధర దగ్గరికి పోయాడు.

"ఏం చేసినావు ఆమెను?"

"కొట్టలేదు. తిట్టలేదు. వార్డరునడుగు." ఓబుళరెడ్డి పొగ పక్కకు వదిలాడు. "నువ్వన్న మాటే ఆయమ్మకు చెప్పినా. నువ్వు ఒప్పుకోకుంటే మీ అయివారు నీ మొగుణ్ణి తవ్వి తీయించి తల కోయిస్తాడంట అని. అబద్ధమా?"

గంగాధర జైలు వైపు నడిచాడు. అది అబద్ధం కాదు.

జైలు ఊచల అవతల కొండమ్మ అదే గోడకు ఆనుకుని ఉంది. అతను ఇవతల నేల మీదే కూర్చున్నాడు.

"హిందూపురం డాక్టరమ్మను చూసి వస్తాండా. నీ మొగుడు జబ్బుతో పోయినాడు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

"తెలుసు."

"మరి ఒప్పుకున్నావే!"

"ఆయప్పకు కండ్లు సరిగా కనబడవని నలుగురికీ తెలిస్తే మగ్గం పోతుందని నాతో మాట తీసుకున్యాడు. అదొకటి నిలబెట్టినా. ఇది ఇంగోటి." ఆమె గొంతు పెంచలేదు. "ఇరవై రెండేండ్లు ఆ గుంటలో కూచున్యాడు సామీ. ఇప్పుడు మట్టి గుంటలో కూచున్యాడు. లేపొద్దండి."

"ఉరి వేస్తారమ్మా."

"నాకు బిడ్డలు ల్యారు. ఆ మగ్గం దగ్గర నేనొక్కదాన్నే కూచోని ఏం నెయ్యాల? ఎడమంచు తప్ప నాకేమొచ్చు?"

జంగమయ్య చెయ్యి పెట్టిన తల అది. దాని మీద ఇంకొక చెయ్యి పడకూడదని ఆమె అడుగుతోంది. రెండేళ్ళ కిందట, జయలక్ష్మమ్మ నుదుటి మీది నుంచి తన చెయ్యి తీశాక, ఇంకెవరినీ ముట్టుకోనివ్వనని గంగాధర కూడా అన్నాడు. బంధువులు అతన్ని పట్టుకుని పక్కకు తీసుకుపోవలసి వచ్చింది.

అతను లేచాడు. ప్లీడరు గదిలో దీపం పెట్టే వేళ దాకా కూర్చున్నాడు. చనిపోయినవాడి భార్యా వద్దంటోంది, తమ్ముడూ వద్దంటాడు, ముద్దాయి నేరం ఒప్పుకుంది. అయినా శవాన్ని తీయించమని అడిగే దరఖాస్తు సోమవారం పదకొండు లోపల మేజిస్ట్రేటు బల్ల మీద ఉండాలని ప్లీడరు చెప్పి వెళ్ళాడు. అది పెడితే కొండమ్మ బతకవచ్చు. ఆమె అతన్ని క్షమించదు. గంగాధర తెల్ల కాగితం తీసి తేదీ వేశాడు, ఊరి పేరు వేశాడు, ఈశ్వరప్ప పేరు రాశాడు.

సోమవారం పదకొండు దాటినా ఆ కింద ఇంకేమీ రాయలేదు. ఈశ్వరప్ప తలను ఎవరూ తెరిచి చూడలేదు.